ఎన్ని సీళ్లు మార్చినా ఆగని ఆయిల్: ఒక పాత జిప్సీ మీద పూర్తి కేస్ స్టడీ

ఒకే చోట రెండోసారి ఆయిల్ కారిందంటే ఇక సీలును నిందించి లాభం లేదు. సీలు లోపల తిరిగే షాఫ్టు ఊగుతూ ఉండాలి, లేదా దాని ఒంటిమీద గాటు పడి ఉండాలి, లేదా లోపల వేడెక్కిన గాలికి బయటికి దారి లేకుండా పోయి ఉండాలి. పాత జీపులు, జిప్సీల మీద పనిచేసేవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. అయినా కారణం దాకా వెళ్లేవాళ్లు తక్కువ. సీలు మార్చడం పూట పని. కారణం వెతకాలంటే సగం బండి విప్పాలి, ఆ మాట చెప్పి యజమానిని ఒప్పించాలి. బెంగళూరులో కె.ఆర్.పురం దాటాక ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద ఉన్న మా వర్క్‌షాపుకు వచ్చిన ఒక జిప్సీలో ఏం చూశాం, ఏం మార్చాం, దేన్ని కావాలనే వదిలేశాం అన్నది మొదటినుంచి రాస్తున్నాను. ఇలాంటి బండి ఉంచుకున్నవాళ్లకూ, దాన్ని బాగుచేసేవాళ్లకూ ఇది ఉపయోగపడాలన్నదే నా కోరిక.

బండి, దాని చరిత్ర

బండి 1999 మోడల్ మారుతి జిప్సీ కింగ్. 1298 సీసీ కార్బ్యురేటర్ ఇంజిన్, అయిదు గేర్లు. ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు మూలలా కమాను పట్టీలు. జిప్సీ 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చింది. 1.3 లీటర్ల ఇంజిన్ 1996లో, ఫ్యూయల్ ఇంజెక్షన్ 2000లో వచ్చాయి. 2019 నాటికి మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగిపోయింది. కొత్తది దొరకదు కాబట్టి ఉన్నదాన్ని కాపాడుకోవడం తప్ప దారి లేదు. దీని యజమానికి కోలారు జిల్లా శ్రీనివాసపురం దగ్గర మామిడితోట ఉంది. తోట దారులు, ఎండిన చెరువు గట్లు, వానాకాలంలో మోకాటి లోతు వాగు, ఆ మీదట కొడుకును చూడటానికి బెంగళూరు దాకా హైవే ప్రయాణం. ఈ బండి రెండు రకాల బతుకూ బతుకుతోంది. దాని జబ్బుకు ఈ రెంటికీ సంబంధం ఉంది.

ఆయన చెప్పిన బాధలు ఇవి. ముందు చక్రాల రెంటి లోపలి వైపూ ఎప్పుడూ తడి. ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో, ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే పళ్ల చక్రాల పెట్టె) మూతి దగ్గర ఆయిల్. క్లచ్ హౌసింగ్ కింద బొట్లు. ఎడమ వెనక చక్రం బ్రేకు సరిగా పట్టదు. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగం దగ్గర చిన్న గుంత తగిలితే చాలు, స్టీరింగు చేతుల్లో గజగజ వణుకుతుంది. బండి నెమ్మదిస్తే గాని ఆగదు.

వేర్వేరు చోట్ల సీళ్లు చాలాసార్లు మార్పించారు. మారిస్తే కొన్ని నెలలు పొడిగా ఉండేది, వానాకాలం దాటేసరికి మళ్లీ మొదటికి వచ్చేది. క్లచ్ హౌసింగ్ కింది లీకుకు ఇంజిన్ వెనక సీలు పోయిందని, గేర్‌బాక్సు దించాలని ఒకచోట చెప్పారట.

"సీళ్లు మార్చీ మార్చీ విసిగిపోయాను నాయనా. నువ్వైనా ఖరీదైన సీలు వెయ్యి" అన్నారు ఆ పెద్దాయన.

"సీలు సంగతి తరవాత చూద్దాం అయ్యా, ముందు మీరు మార్పించిన పాత సీళ్లు ఏవైనా ఉన్నాయా?" అని అడిగాను.

ఉన్నాయి. మారిన ప్రతి సామానునూ దాచుకునే మనిషి ఆయన. సీటు వెనక పెట్టెలోంచి ఒక సంచీ తీసి ఇచ్చారు. ఇలాంటి యజమాని దొరకడం మెకానిక్ అదృష్టం. పారేసే ముక్కల్లోనే రోగం రాసి ఉంటుంది.

పాత సీళ్లు చెప్పింది

ఆయిల్ సీలంటే లోహపు చట్రానికి అతికించిన రబ్బరు పెదవి, దాన్ని షాఫ్టుకు అదిమి పట్టే సన్నని స్ప్రింగు. కొత్త సీలు పెదవి అంచు చుట్టూ ఒకే పదునుగా ఉంటుంది. వాడగా వాడగా ఆ పదును అరిగి సన్నని చదును గీత పడుతుంది. గీత చుట్టూ ఒకే వెడల్పున ఉంటే సీలు తన వయసు పూర్తిచేసుకున్నట్టు. ఆ సంచీలోని ముందు ఇరుసు సీళ్లు అలా లేవు. ఒక పక్క రెండు మిల్లీమీటర్ల దాకా చదునుగా అరిగి మెరుస్తోంది. సరిగ్గా దాని ఎదుటి పక్క పెదవి అంచు కొత్తదానిలా పదునుగానే ఉంది. అంటే షాఫ్టు సీలు నడిమధ్యన తిరగలేదు, ఒక పక్కకు ఒరిగి తిరిగింది. ఒరిగిన వైపు పెదవి అరిగింది, రెండో వైపు సందు పడి ఆయిల్ బయటికి వచ్చింది.

పినియన్ (డిఫరెన్షియల్ మూతిలోంచి లోపలికి వెళ్లే పళ్ల షాఫ్టు) సీళ్లలో చూస్తే పెదవి చుట్టూ సమంగానే ఉంది, కాని రబ్బరు గట్టిపడి గోరుతో నొక్కితే చిట్లుతోంది. కొద్ది నెలల సీలుకు ఆ గతి పట్టిందంటే అది విపరీతంగా వేడెక్కిందని అర్థం. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల దాకానే నమ్మకంగా పనిచేస్తుంది. పెదవి గరుకు తలం మీద రుద్దుకుంటుంటే, హౌసింగులో ఆయిల్ ఎంత ఉన్నా పెదవి అంచున మాత్రం వేడి అంతకు మించిపోతుంది. బండిని జాకీ ఎక్కించక ముందే రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయని తెలిసిపోయింది.

కడిగాక కనిపించినది

లీకు వెతికే ముందు బండి అడుగు శుభ్రం చెయ్యకపోతే ఆ వెతుకులాటకు అర్థం లేదు. డీజిలు, బ్రష్షుతో మడ్డి తీసి, నీళ్లతో కడిగి, గాలితో ఆరబెట్టాం. ఒక జాగ్రత్త: ఒత్తిడి నీటి గొట్టాన్ని ముందు చక్రాలను మోసే నకిళ్ల సీళ్ల మీదికి, ఇరుసు లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూతుల మీదికి నేరుగా గురిపెట్టకూడదు. చాలా సర్వీసు కేంద్రాల్లో ఇదే జరుగుతుంది, ఇసుక రేణువులు పెదవి కిందికి దూరతాయి. ఆరిన తరవాత అనుమానం ఉన్న ప్రతి చోటా టాల్కం పౌడరు చల్లి, బండిని హోసకోటె వైపు హైవే వేగంలో తిప్పుకొచ్చి, వేడి తగ్గకముందే కిందకు దూరాం.

ఆయిల్ కిందికి జారుతుంది, పరుగులో గాలికి వెనక్కి కొడుతుంది. కాబట్టి బొట్టు పడేచోటు ఎప్పుడూ పనికిరాని ఆధారం. అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు తడిసిన చోటు ఎక్కడన్నదే చూడాలి. వాసన కూడా సాయం చేస్తుంది. డిఫరెన్షియల్‌లో వాడే జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌కు గంధకపు ఘాటు ఉంటుంది. ఇంజిన్ ఆయిల్‌కు అది ఉండదు.

క్లచ్ హౌసింగ్ కింది లీకు ఈ పద్ధతిలోనే తేలింది. పౌడరు మీద చార ఇంజిన్ పైనుంచి దిగింది. ఈ కార్బ్యురేటర్ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ సిలిండర్ హెడ్ వెనక చివర, కామ్‌షాఫ్టుకు జతగా కూర్చుంటుంది. దాని కేసు దగ్గర రబ్బరు రింగు గట్టిపడితే ఆయిల్ హెడ్ వెనకగా, డాష్‌బోర్డు గోడకూ ఇంజిన్‌కూ మధ్య ఎవరికీ కనిపించని సందులో దిగి, క్లచ్ హౌసింగ్ మీద పడి, దాని అడుగున బొట్టు కడుతుంది. కింద నిలబడి చూసేవాళ్లకు అది ఇంజిన్ వెనక సీలు లీకులాగే ఉంటుంది. చిన్న అద్దం, టార్చిలైటు పెట్టి చూస్తే గాని అసలు చోటు కనపడదు. గేర్‌బాక్సు దించాలన్న సలహా ప్రకారం నడుచుకుని ఉంటే ఆయనకు డబ్బు పోయేది, లీకు ఉండిపోయేది.

అదే ఇంజిన్‌లో టాపెట్ కవర్ ప్యాకింగ్ చుట్టూ కూడా చెమ్మ ఉంది. రెండు చోట్ల ఒకేసారి కారుతుంటే లోపలి ఒత్తిడిని అనుమానించాలి. పిస్టన్ రింగులను దాటి వచ్చే వాయువులను తిరిగి ఇంజిన్‌లోకి లాగే పీసీవీ వాల్వు తీసి ఊపితే చప్పుడు లేదు, మడ్డితో బిగుసుకుపోయింది. కంప్రెషన్ చూశాం, నాలుగు సిలిండర్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రింగులు బాగున్నాయి, ఊపిరే ఆడడం లేదు. వాల్వు, గొట్టం, డిస్ట్రిబ్యూటర్ రింగు, టాపెట్ ప్యాకింగ్ మార్చడంతో ఇంజిన్ పై భాగం పొడిబారింది.

ముందు నకిళ్లు

ఈ కేసులో అసలు పని ఇక్కడే. జిప్సీ ముందు ఇరుసు చివర గుండ్రని ఉక్కు గోళం ఉంటుంది. చక్రాన్ని మోసే నకిల్ ఆ గోళాన్ని కప్పుకుని, పైన ఒకటి కింద ఒకటి ఉండే రెండు కింగ్‌పిన్ బేరింగుల మీద తిరుగుతుంది. నకిల్ లోపల గ్రీజు, ఇరుసు గొట్టంలో గేర్ ఆయిల్. రెంటి మధ్య అడ్డు ఇరుసు చివరి చిన్న ఆయిల్ సీలు ఒక్కటే. నకిల్ వెనక గోళాన్ని తుడిచే పెద్ద సీలు, ఫెల్టు, రేకు ఉన్నా అవి గ్రీజును ఆపడానికీ దుమ్మును అడ్డుకోవడానికీ చేసినవి. పలుచని ఆయిల్‌ను ఆపడం వాటివల్ల కాదు. కాబట్టి చక్రం లోపలి వైపు కారుతున్నప్పుడు వెనక పెద్ద సీలు మార్చి ఊరుకుంటే, ఆయిల్ లోపల నిండిపోతుందే తప్ప లీకు ఆగదు. ఈ బండిలో కుడి నకిల్ విప్పగానే గ్రీజు పలుచబడి అంబలిలా కారిపోయింది. ముందు డిఫరెన్షియల్‌లో సుమారు 2 లీటర్ల ఆయిల్ ఉండాలి. దించి చూస్తే సగానికి అటూ ఇటూగా ఉంది.

షాఫ్టు ఎందుకు ఒరిగిందో తెలియడానికి చక్రాన్ని నేలనుంచి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపాం. ఊగింది. సహాయకుడు బ్రేకు తొక్కి పట్టుకున్నా ఊగింది. బ్రేకు తొక్కితే హబ్బు, నకిల్ ఒకటైపోతాయి కాబట్టి చక్రం బేరింగులో ఆట (వదులు) ఉంటే ఆగిపోవాలి. ఆగలేదంటే ఆట కింగ్‌పిన్‌లలో ఉంది. చక్రం బేరింగు బిగిస్తే సరిపోతుందని అనుకునేవాళ్లు ఈ చిన్న పరీక్ష తప్పకుండా చెయ్యాలి.

బండి బరువు ఇరుసు గోళాన్ని కిందికి తొక్కుతుంది, నేల చక్రాన్ని, దానితో నకిల్‌ను పైకి నెడుతుంది. కింగ్‌పిన్ బేరింగులు అరిగితే నకిల్ గోళానికి నడిమధ్యన నిలవదు. షాఫ్టు బయటి చివరను మోసేది నకిల్‌కు బిగించిన స్పిండిలే గనక నకిల్ జరిగితే షాఫ్టూ జరుగుతుంది. కాని చిన్న ఆయిల్ సీలు కూర్చున్నది ఇరుసు గొట్టంలో, అది కదలదు. పెట్టెలోని పాత సీళ్లు ఒక పక్కే ఎందుకు అరిగాయో ఇప్పుడు పూర్తిగా తెలిసింది. స్పిండిల్ లోపలి కంచు బుష్ కూడా అరిగి షాఫ్టు దానిలో వదులుగా ఆడుతోంది. ఈ రెండూ అలాగే ఉంచి ఎంత మంచి సీలు వేసినా అది వానాకాలాన్ని దాటదు. స్టీరింగు వణుకుకు మూలం కూడా ఇదే. కింగ్‌పిన్‌లలో బిగువు లేకపోతే గుంత తగిలినప్పుడు మొదలైన ఊపును ఆపేది ఏదీ ఉండదు.

కింగ్‌పిన్ బేరింగుల బయటి రింగుల్లో రోలర్లు కూర్చున్నచోట వరుసగా గుంటలు పడ్డాయి. నాలుగు బేరింగులూ మార్చాం. ఒక పక్కే పోయింది కదా అని ఒక పక్కే మార్చకూడదు. రెండు పక్కలా బిగువు సమానంగా లేకపోతే స్టీరింగు ఒక వైపు బరువుగా తిరుగుతుంది. బిగువు సరిచెయ్యడం షిమ్‌ల పని. కింగ్‌పిన్ కింది పలుచని రేకులు తీస్తే బిగువు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్ విప్పి, వెనక పెద్ద సీలు ఇంకా బిగించకుండా, స్టీరింగు ఆర్ము చివర స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, నకిల్ కదలడం మొదలైన బరువు చూడాలి. సర్వీసు పుస్తకంలో ఇచ్చిన హద్దులోకి వచ్చేదాకా రేకులు తీస్తూ వేస్తూ ఉండాలి. పెద్ద సీలు బిగించి కొలిస్తే దాని పట్టు కూడా కలిసి లెక్క తప్పుతుంది. చేతి అంచనాతో ఈ పని చెయ్యడాన్ని నేను ఒప్పుకోను. త్రాసు ఖరీదు పెద్దదేమీ కాదు, అది లేకుండా కింగ్‌పిన్ ముట్టుకోకూడదు.

గోళాల విషయం వేరు. కుడిది నునుపుగానే ఉంది. ఎడమదాని మీద తుప్పు తిన్న చిన్న గుంటలు ఉన్నాయి, అవి ఫెల్టునూ సీలు పెదవినీ కోస్తాయి. తుప్పు పూర్తిగా తీసి, గుంటలను లోహాలకు వాడే ఎపాక్సీతో నింపి, ఆరాక సన్నని ఎమరీ కాగితంతో గోళం వంపు చెడకుండా నునుపు చేశాం. గుంటలు లోతుగా ఉంటే ఇది నిలవదు. ఇక్కడ లోతు లేదు కాబట్టి చేశాం, మంచి గోళం దొరికినప్పుడు మార్చుకోవాలని చెప్పే చేశాం.

పినియన్ ఫ్లాంజ్: దారం చెప్పిన నిజం

ముందు డిఫరెన్షియల్ మూతి దగ్గర లీకుకు ఒక తీరు ఉంది. నిలిపి ఉంచితే కారదు. తోటలో నెమ్మదిగా తిరిగినా పెద్దగా కారదు. హైవే మీద నడిపాకే తడి. ఈ బండిలో టూ వీల్ డ్రైవ్‌లో నడిపినా ముందు పినియన్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పినియన్‌ను ముందుకూ వెనక్కూ లాగి చూశాం, ఆట లేదు. చేత్తో తిప్పితే బేరింగులు నునుపుగా ఉన్నాయి. నట్టు విప్పే ముందు నట్టుకూ షాఫ్టుకూ, బయటి షాఫ్టును పినియన్‌కు కలిపే ఫ్లాంజ్‌కూ పంచ్‌తో గుర్తులు కొట్టాం. ఈ పినియన్‌లో బేరింగు బిగువును నిలబెట్టేది లోపల నలిగే స్పేసర్. నట్టును పాత గుర్తు దాటి బిగిస్తే అది ఇంకా నలుగుతుంది, బేరింగులు వేడెక్కి పోతాయి. బేరింగులు మార్చనప్పుడు నట్టు పాత గుర్తుకే తిరిగి రావాలి.

ఫ్లాంజ్ తీసి వెలుగులో పెడితే సీలు తిరిగే చోట తళతళ మెరుస్తోంది. గోరుతో తడిమితే ఎక్కడా గాటు తగల్లేదు. ఎవరో లోగడ గాటు పోవడానికి దాన్ని లేతు మీద పెట్టి, ఎమరీ కాగితాన్ని పక్కకు జరుపుతూ పాలిష్ చేశారు. చూపుకు నునుపు. భూతద్దంలో చూస్తే స్క్రూ మరల్లా ఏటవాలుగా సాగిన సన్నని గీతలు కనిపించాయి.

ఈ గీతలు ఆయిల్‌ను తోస్తాయా లేదా అని తేల్చడానికి పాత పరీక్ష ఒకటుంది. కలాసిపాళ్యలో లేతు పని చేసే మేస్త్రీ దగ్గరికి ఫ్లాంజ్ పట్టుకెళ్లాను. దాన్ని లేతుకు బిగించి, సీలు తిరిగే తలం మీద సన్నగా ఆయిల్ రాసి, నూలు దారం ఒకటి దానిమీదుగా వేలాడదీసి, దారం చివర చిన్న నట్టు కట్టాం. నెమ్మదిగా తిప్పగానే దారం నిలబడలేదు. బయటి అంచు వైపు మెల్లగా జరుగుతూ పోయింది. తిరిగే దిశ మార్చితే దారం వెనక్కి, లోపలి వైపు జరిగింది. నునుపైన తలం మీదైతే ఏ దిశలో తిప్పినా దారం ఉన్నచోటే ఉండాలి.

"ఇది పాలిష్ కాదప్పా, మర కోసినట్టే" అన్నాడు మేస్త్రీ.

బండి ముందుకు వెళ్లే దిశలో ఆ గీతలు సీలు పెదవి కిందనుంచి ఆయిల్‌ను బయటికి తోస్తున్నాయి. వేగం పెరిగిన కొద్దీ ఎక్కువగా తోస్తాయి. ఖరీదైన సీలు వేస్తే ఇంకా గట్టిగా అదిమి ఇంకా త్వరగా కాలుతుంది తప్ప ఆగదు. సీలు తిరిగే తలాన్ని గ్రైండింగ్ చక్రంతో, చక్రాన్ని పక్కకు జరపకుండా నేరుగా లోపలికి అదిమి నునుపు చెయ్యాలి. మెకానిక్‌లూ లేతు పనివాళ్లూ గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది. దక్షిణాదిలో ఎన్ని పాత బండ్ల ఫ్లాంజులు ఇలా పాలిష్ అయి తిరుగుతున్నాయో తలచుకుంటే బాధగా ఉంటుంది.

కొత్త ఫ్లాంజ్ వెంటనే దొరకలేదు. ఫ్లాంజ్ మీద పలుచని స్టీలు స్లీవ్ ఎక్కించాం. ఈ స్లీవులు సుమారు 0.28 మిల్లీమీటర్ల మందమే ఉంటాయి, అందుకే అదే కొలత సీలు సరిపోతుంది. వాటి తలం గీతలు లేకుండా తయారై వస్తుంది. ఎక్కించాక మళ్లీ దారం వేసి చూశాం. రెండు దిశల్లోనూ దారం కదల్లేదు. ఫ్లాంజ్ లోపలి పళ్ల వెంట కూడా ఆయిల్ పాకి నట్టు దగ్గర బయటపడుతుంది కాబట్టి, బిగించేటప్పుడు పళ్లకూ వాషరు కిందా సీలెంటు సన్నగా రాశాం.

ఊపిరి ఆడని ఇరుసులు

హైవే నుంచి వచ్చాక వేడిగా ఉండగానే వెనక డిఫరెన్షియల్ ఆయిల్ పోసే బిరడా వదులు చేస్తే బుస్సుమని గాలి వచ్చింది. బ్రీదర్ మూసుకుపోయిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇరుసు పైన ఉండే ఆ చిన్న లోహపు మూత ఎర్రమట్టితో గట్టిపడింది, పైన ఎప్పుడో కొట్టిన నల్ల రంగు పొర. ముందు ఇరుసుదీ అదే పరిస్థితి.

25 డిగ్రీల దగ్గర మూసుకున్న గాలి 80 డిగ్రీలకు వేడెక్కితే దాని ఒత్తిడి సుమారు 18 శాతం పెరుగుతుంది. ఇరుసు సీళ్లు ఆయిల్ చిమ్మడాన్ని ఆపుతాయి, లోపలి ఒత్తిడిని ఆపడానికి చేసినవి కావు. దీనికంటే ప్రమాదం వాగులో ఉంది. వేడి ఇరుసు చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. బ్రీదర్ తెరిచి లేకపోతే ఆ ఖాళీ సీళ్ల పెదవుల కిందనుంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. దించిన ముందు ఆయిల్ కాఫీ రంగులోకి తిరిగి ఉంది. వానాకాలం దాటేసరికి లీకు మళ్లీ మొదలవడం వెనక ఇదీ ఒక కారణం.

పాత మూతలు తీసేసి, ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు గొట్టాలు బిగించి, ముందుదాన్ని ఇంజిన్ గదిలో పైదాకా, వెనకదాన్ని బాడీ లోపలికి ఎత్తుగా తీసుకెళ్లాం. ఇరుసు కదిలినప్పుడు తెగకుండా గొట్టంలో వంపు వదలాలి. చివర దుమ్ము పడకుండా చిన్న ఫిల్టరు. ఈ కేసు మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మేలు చేసిన పని ఇదే. జిప్సీ ఉన్న ప్రతి ఒక్కరూ వేరే లీకు ఉన్నా లేకున్నా ఇది చేయించుకోవాలి.

మిగిలిన పనులు

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అంటుకుని ఉండదు. ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే ఈ పెట్టె విడిగా రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది, రెంటి మధ్య చిన్న షాఫ్టు ఉంటుంది. ఆ రబ్బర్లు చీలితే కేసు ఊగుతుంది, చిన్న షాఫ్టు వంకరగా తిరిగి సీళ్లను తింటుంది. బ్రేకు తొక్కి లో రేంజిలో క్లచ్ కొద్దిగా వదిలితే కేసు అంగుళం దాకా మెలితిరగడం కింద పడుకున్న కుర్రాడు చూశాడు. మౌంట్లన్నీ మార్చాం, ఆ షాఫ్టు యూనివర్సల్ జాయింట్ క్రాసులు కూడా మార్చాం.

ఎడమ వెనక చక్రంలో ఇరుసు బేరింగు అరిగి సీలు దాటిన ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి దిగింది. బేరింగు, సీలు, రిటెయినర్ రింగు మూడూ కొత్తవి. ఆయిల్ తాగిన బ్రేకు షూలను పెట్రోలుతో కడిగి కాల్చి మళ్లీ వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి చెయ్యవద్దు. లోపలికి ఇంకిన ఆయిల్ మొదటి ఘాట్ రోడ్డు దిగగానే వేడికి మళ్లీ పైకి వస్తుంది. రెండు వెనక చక్రాలకూ కొత్త షూలు వేశాం.

సామాను ఎక్కువగా జె.సి.రోడ్డులో తెచ్చాం. సీలు కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూసి కొనకండి, సీలు చేతిలోకి తీసుకోండి. దానిమీద 35 52 8 అని ఉంటే లోపలి వ్యాసం 35, బయటి వ్యాసం 52, మందం 8 మిల్లీమీటర్లు. పెదవి చుట్టూ స్ప్రింగు ఒకే బిగువుగా ఉండాలి, రబ్బరు అతుకు దగ్గర పిసరు మిగిలి ఉండకూడదు. కొన్ని సీళ్ల పెదవి వెనక ఏటవాలు గీతలు, బాణం గుర్తు ఉంటాయి. అవి ఒకే దిశలో తిరిగే షాఫ్టుకు చేసినవి. మూతి వైపు నుంచి చూస్తే ముందు, వెనక పినియన్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి బాణం ఉన్న సీలును చూసుకుని వెయ్యాలి. బిగించే ముందు పెదవికి ఆయిల్ గాని గ్రీజు గాని రాయకపోతే మొదటి నిమిషంలోనే అది కాలిపోతుంది. డిఫరెన్షియళ్లకు జీఎల్-5, గేర్‌బాక్సుకు జీఎల్-4 పోశాం. చాలా జీఎల్-5 ఆయిళ్లలోని రసాయనాలు గేర్‌బాక్సు లోపలి ఇత్తడి రింగులకు మంచివి కావు, రెంటికీ ఒకే డబ్బా వాడే అలవాటు మానాలి.

ఫలితం, వదిలేసిన పనులు

స్టీరింగు వణుకు ఆ రోజే పోయింది. అలైన్‌మెంటు చేయించాక హైవే మీద నేనే నడిపి చూశాను. లీకుల సంగతి మాత్రం వానలు పడితేనే తెలుస్తుందని ఆయనకు ముందే చెప్పాను. మామిడి కోతలు అయ్యాయి, వానలు పడ్డాయి, వాగులో బండి దిగింది. ఆ తరవాత తనిఖీకి తెచ్చినప్పుడు ముందు ఆయిల్ దించి గాజు సీసాలో పోసి చూశాం. రంగు మారలేదు, పరిమాణం తగ్గలేదు. పినియన్ మూతి పొడిగా ఉంది, దానిమీద దుమ్ము దుమ్ముగానే ఉంది. వెనక బ్రేకులు సమంగా పడుతున్నాయి.

"కుడి చక్రం లోపల మళ్లీ తడిగా ఉంది చూడు నాయనా" అని ఆయన కొంచెం కంగారుపడ్డారు. వేలితో తీసి వాసన చూపించాను. అది గ్రీజు. గోళాన్ని పెద్ద సీలు తుడిచినప్పుడు పలుచని గ్రీజు పొర మిగలడం సహజం, అది ఉండాలి కూడా. లేకపోతే గోళం తుప్పు పడుతుంది. గంధకపు వాసన వచ్చి, చుక్కగా జారి, టైరు లోపలి గోడ మీద చారలు కడితే అప్పుడు కంగారుపడాలి.

ఇంజిన్ వెనక సీలును ముట్టుకోలేదు. క్లచ్ హౌసింగ్ అడుగున ఇప్పటికీ వేలికి అంటీ అంటనంత చెమ్మ ఉంది, బొట్టు కట్టడం లేదు. దానికోసం గేర్‌బాక్సు దించడం అనవసరపు ఖర్చు. క్లచ్ ప్లేటు మార్చే రోజు ఎలాగూ దించాలి, అప్పుడు ఆ సీలు, దానితోపాటు గేర్‌బాక్సు ముందు సీలు మారుస్తాం. ఎడమ గోళానికి బదులు మంచిది వెతుకుతున్నాం. ముందు కమాన్ల షాకిల్ బుష్‌లు ఇంకొక ఏడాది నడుస్తాయి. ఇవన్నీ కాగితం మీద రాసి ఆయన పెట్టెలో పాత సీళ్ల సంచీతోపాటే పెట్టించాను. ఏటా తొలకరికి ముందు బ్రీదర్ గొట్టాల ఫిల్టర్లు ఊది చూడమని, వాగు దాటిన వారంలోపు రెండు డిఫరెన్షియళ్ల బిరడాలు తెరిచి ఆయిల్ రంగు చూడమని అందులో మొదటి రెండు వరుసల్లో ఉంది.